కొండపాదం నీరు, గోల్ఫ్ పచ్చిక: అనంతపురం పీఠభూమి పదసంపద ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అనంతపురం పీఠభూమికి దక్షిణపు అంచున ఉన్న నందికొండల పాదంలో, దేవనహళ్లి తాలూకాలో, 18 హోల్స్ గల ఒక ప్రైవేటు గోల్ఫ్ మైదానం ఉంది. ఇదే కొండల వరుసలో పెన్న పుట్టి ఉత్తరంగా అనంత సీమలోకి ప్రవహిస్తుంది. ఒకే కొండల పాదభూమిని గోల్ఫ్ పరిభాష ఒక రీతిలోనూ, రాయలసీమ రైతుల మాట మరొక రీతిలోనూ పేర్కొంటాయి. ఈ రెండు పదసంపదలను పక్కపక్కన ఉంచి, క్రీ.శ. 1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం చెప్పిన గుణదోషాలను ప్రమాణంగా తీసుకొని, కరవు పీఠభూమిలో కొండపాదపు భూవినియోగాన్ని ఎలా పరిశీలించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొండపాదం, చెరువు, మరవ, గరిక, గోల్ఫ్, నందికొండ, పెన్న, పోరుమామిళ్ల శాసనం, అనంతపురం.

1. ప్రవేశిక

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. నైరుతి ఋతుపవన మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనం తూర్పుతీరం నుంచి ఇంత లోపలికి చేరేసరికి బలహీనపడుతుంది. పూర్వపు ఉమ్మడి జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. ఆ కొద్ది వానైనా పంటకాలమంతా సమంగా కురవదు. కొన్ని రోజుల్లో ధారాపాతంగా కురిసి, వారాల తరబడి ముఖం చాటేస్తుంది. పలుచని ఎర్రనేలలు ఆ నీటిని ఎక్కువకాలం పట్టి ఉంచలేవు.

ఇటువంటి సీమలో కొండపాదానికి ఒక ప్రత్యేకత ఉంది. బండరాతి కొండ మీద పడిన వాన ఇంకడానికి చోటు తక్కువ. అది జారి పాదానికి చేరుతుంది. అక్కడ కట్ట ఉంటే చెరువవుతుంది, లేకుంటే వంకగా మారి సాగిపోతుంది. పొలం మీద పడే వాన ఎంతైనా, కొండపాదం దానికంటే ఎన్నో రెట్లు వైశాల్యం గల కొండ మీది వానను కూడా అందుకుంటుంది. కాబట్టి ఈ పీఠభూమిలో వాన ఊరి నీరుగా మారే మొదటి స్థలం కొండపాదమే.

గత రెండు దశాబ్దాలలో ఈ స్థలానికి మరో విలువ ఏర్పడింది. 2008లో దేవనహళ్లి వద్ద బెంగళూరు అంతర్జాతీయ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత నగరం ఉత్తరదిశగా 44వ జాతీయ రహదారి వెంట విస్తరించింది. ఈ రహదారే చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి పెనుకొండ మీదుగా అనంతపురానికి వస్తుంది. విడిది గృహాలు, విల్లాలు, గోల్ఫ్ మైదానాలు కోరుకునేది కొండ కనిపించే చోటును. కొండపాదం అలా నీటి స్థలం నుంచి చూపు స్థలంగా మారుతున్నది. ఈ మార్పు మొదట భాషలో కనిపిస్తుంది. అందుచేత దీనిని పదసంపద వైపు నుంచి పరిశీలించడం సమంజసం.

2. నందికొండ: నీరు విడిపోయే చోటు

నందికొండ ఎత్తు సముద్రమట్టానికి 1,478 మీటర్లు. ఈ కొండల సముదాయం నుంచి, దాని పరిసరాల నుంచి అనేక నదులు పుడతాయి. చెన్నకేశవ కొండ వద్ద పుట్టిన ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశిస్తుంది. అనంతపురం, కడప, నెల్లూరు సీమల గుండా 597 కి.మీ. ప్రయాణించి బంగాళాఖాతంలో కలుస్తుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి, ధర్మవరం ప్రాంతాల మీదుగా వచ్చి పెన్నలో చేరుతుంది. దక్షిణ పినాకిని తమిళనాడుకు పోతుంది. అర్కావతి కావేరిలో కలుస్తుంది. పాలారు తూర్పుకు సాగుతుంది. ఒకే వాన ఈ కొండల ఏ వాలు మీద పడిందన్నదాన్ని బట్టి మూడు రాష్ట్రాలలో ఏదో ఒకదాని నీరవుతుంది.

ఈ కొండలకు దక్షిణ పాదంలో, దేవనహళ్లి నుంచి నందికొండకు వెళ్లే దారిలో ప్రెస్టీజ్ గోల్ఫ్‌షైర్ ఉంది. సుమారు 275 ఎకరాల ఆవరణలో విల్లాలు, విడిది హోటలు, వాటి మధ్య 18 హోల్స్ గోల్ఫ్ మైదానం ఉన్నాయి. మైదానపు రూపశిల్పి అమెరికాకు చెందిన పి.బి. డై. ఆ స్థలం దక్షిణపు వాలుది కనుక అక్కడి వాన నేరుగా పెన్నకు చేరదు. అయినా అనంత సీమకు ఇది దూరపు విషయం కాదు. చిక్కబళ్లాపురం, గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి తాలూకాలలో తెలుగు నేటికీ ఇళ్లలో, సంతలలో వినిపించే భాష. కైవారంలో నారాయణ తాతయ్య తెలుగు, కన్నడాలు రెండింటిలోనూ తత్త్వాలు చెప్పారు. నేల, రాయి, వాన, పంట, మాట విషయంలో నందికొండ ఉత్తరపు వాలు, హిందూపురం, పెనుకొండ ఒకే పీఠభూమి. దక్షిణపు వాలులో ఏర్పడిన నమూనా ఉత్తరపు వాలుకు వచ్చినప్పుడు దానిని ఏ ప్రమాణంతో పరిశీలించాలన్నదే ఇక్కడి ప్రశ్న. ఒక సంస్థ మంచిచెడ్డలను తూచడం ఈ వ్యాసం పని కాదు.

ఈ సందర్భంలో పేరు కూడా గమనింపదగినది. 'షైర్' అనేది ఇంగ్లండులో జిల్లా వంటి పాలనా విభాగాన్ని సూచించే పదాంశం. ఆ ఒక్క ప్రత్యయంతో దేవనహళ్లి నేల మీద ఇంగ్లీషు పల్లెసీమ ఊహ నిలబడుతుంది. దీనికి భిన్నంగా మన పీఠభూమి మండలాల పేర్లు చూడండి: కొత్తచెరువు, నల్లచెరువు, ఓబుళదేవరచెరువు, బుక్కరాయసముద్రం. ఊరికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఇక్కడివారు నీరు నిలిచిన చోటునే గుర్తుగా ఎంచుకున్నారు. మనిషి కట్టిన చెరువును 'సముద్రం', 'సాగరం' అని పిలవడంలో కరవు సీమ ప్రజల కోరిక ధ్వనిస్తుంది.

3. గోల్ఫ్ పుట్టిన నేల

గోల్ఫ్ మైదానపు నేటి రూపాన్ని అర్థం చేసుకోవడానికి అది పుట్టిన నేలను తెలుసుకోవాలి. ఈ ఆట స్కాట్లండ్ తూర్పుతీరంలో పెరిగింది. అక్కడ సముద్రానికీ పంటపొలాలకూ నడుమ ఇసుక తిన్నెల మేటలు ఉంటాయి. వాటిని 'లింక్స్' అంటారు. ఈ మాటకు మూలం గట్టు, మెరక అని అర్థం వచ్చే ప్రాచీనాంగ్ల పదం. ఆ నేల దున్నడానికి పనికిరాదు. గొర్రెలు మేయడానికి, బట్టలు ఆరవేసుకోవడానికి, కుందేళ్లు పట్టడానికి అది ఊరి ఉమ్మడి భూమి. మన మాటలో చెప్పాలంటే మేతబీడు.

తరచుగా పడే సన్నని వాన అక్కడి గడ్డిని తడిపేది. గొర్రెలు, కుందేళ్లు దానిని పొట్టిగా మేసేవి. చలిగాలికి గొర్రెలు ఒదిగిన గుంతలే బంకర్లయ్యాయని ఆట చరిత్రకారులు చెబుతారు. అంటే మొదటి గోల్ఫ్ మైదానాన్ని ఎవరూ నిర్మించలేదు, నీరు పెట్టలేదు. సెంట్ ఆండ్రూస్ ప్రజలకు అక్కడి లింక్స్ మీద గల హక్కులను 1552 నాటి పత్రం గుర్తించింది. లీత్‌లో 1744లో ఆట నియమాలు మొదటిసారి లిఖితరూపం దాల్చాయి. సెంట్ ఆండ్రూస్‌లో 1764లో 22 హోల్స్‌ను 18కి తగ్గించారు. ఆ సంఖ్యే క్రమంగా ప్రపంచ ప్రమాణమైంది. సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు నేటికీ ప్రజల ఆస్తి. ఆదివారాల్లో సాధారణంగా ఆట ఆపి ఊరివారు నడవడానికి విడిచిపెడతారు.

భారతదేశానికి ఈ ఆట బ్రిటిష్ వారితో వచ్చింది. 1829లో కలకత్తాలో, 1876లో బెంగళూరులో గోల్ఫ్ క్లబ్బులు ఏర్పడ్డాయి. తడి తీరపు ఉమ్మడి బీడులో పుట్టిన ఆట ఎండనేలకు తరలినప్పుడు రెండు మార్పులు వచ్చాయి. వాన తడిపిన గడ్డి స్థానంలో మనిషి తడపవలసిన గడ్డి వచ్చింది. ఉమ్మడి నేల స్థానంలో సభ్యత్వం గల ప్రైవేటు ఆవరణ వచ్చింది. కొండపాదం సమస్యకు మూలం ఆటలో లేదు, ఈ రెండు మార్పులలో ఉంది.

4. ఒకే నేల, రెండు పదసంపదలు

గోల్ఫ్ పరిభాష నేలను బంతి ప్రయాణం ప్రకారం విభజిస్తుంది. బంతి బయలుదేరే చోటు 'టీ'. అది సాగవలసిన కత్తిరించిన పచ్చిక దారి 'ఫెయిర్‌వే'. దారి తప్పితే పడే పొడవాటి గడ్డి 'రఫ్'. ఇసుక గుంత 'బంకర్'. గమ్యస్థానమైన నున్నని పచ్చిక 'గ్రీన్'. చెరువు, కాలువ, మడుగు ఏదైనా చాలాకాలం 'వాటర్ హేజర్డ్', అంటే నీటి ఆపద. 2019లో నియమాలు సవరించినప్పుడు దానికి 'పెనాల్టీ ఏరియా' అని పేరు మార్చారు. పసుపు, ఎరుపు గూటాలు దాని హద్దులను చూపుతాయి. అందులో పడిన బంతిని బయట ఉంచి ఆడితే ఒక దెబ్బ జరిమానా.

అనంతపురం సీమ మాట నేలను నీటి ప్రయాణం ప్రకారం విభజిస్తుంది. కొండమీది రాతిలో నీరు నిలిచే గుంట 'దొన'. కొండ నుంచి దిగే పాయ 'వంక'. చిన్నగా నిలిస్తే 'కుంట', కట్ట కట్టి నిలిపితే 'చెరువు'. చెరువు నీరు పొలానికి వెళ్లే ద్వారం 'తూము'. నిండిన తరువాత మిగులు పారే చోటును ఇక్కడ 'మరవ' అంటారు. తెలంగాణలో 'మత్తడి', నెల్లూరు వైపు 'కలుజు' అనేది దీనినే. చెరువు కింద పండే నేల 'ఆయకట్టు', నీటిని పంచే మనిషి 'నీరుగంటి'. ఏటి ఇసుకలో తాగునీటికి తవ్వే గుంట 'చెలమ'. ఇసుకలోని ఊటను పొలానికి మళ్లించే తవ్వకం 'ఊటకాలువ'. ఎద్దులతో బావినీరు తోడే సాధనం 'కపిల'. నీరందే నేల 'మడి', వాన మీద ఆధారపడేది 'చేను', రెండూ కానిది 'బీడు'.

ఈ రెండింటిని పోల్చితే మూడు విషయాలు స్పష్టమవుతాయి.

మొదటిది, నీటి విలువ. ఒకే మడుగు ఒక పరిభాషలో జరిమానా స్థలం, మరొకదానిలో ఊరి బతుకు. చెరువు నిండి మరవ పారితే ఇక్కడ గంగపూజ చేస్తారు. బంతి నీటిలో పడకూడదని కోరుకునే ఆటగాడికి ఆ మడుగు లోతు, అది ఎవరి నీరు, ఎక్కడికి పోతుంది అన్నవి ఆటకు సంబంధించిన ప్రశ్నలు కావు. ఇది ఆటగాడి దోషం కాదు, ఆ పరిభాష ఏర్పడిన అవసరం అటువంటిది.

రెండవది, పై కింది సంబంధం. వంక, కట్ట, తూము, మరవ అన్నవి వేటికవి నిలిచే మాటలు కావు. మరవ అనగానే దాని కింద మరో చెరువు గుర్తుకు వస్తుంది. పై చెరువు మరవనీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి ఆ మాటలోనే ఉంది. టీ, ఫెయిర్‌వే, గ్రీన్ అన్న వరుస పద్దెనిమిదవ హోల్‌తో ఆవరణలోనే ముగుస్తుంది. ఆ ఆవరణకు కింద ఏముందో చెప్పే మాట అందులో లేదు.

మూడవది, మనిషి ప్రస్తావన. 'నీరుగంటి' అనే పదం నీటి పంపకాన్ని ఒక బాధ్యతగా చెబుతుంది. 'ఆయకట్టు' అనే పదం హక్కుదారుల సముదాయాన్ని సూచిస్తుంది. గోల్ఫ్ పరిభాషలో మనుషులు ఆటగాళ్లు, వారి సంచి మోసే క్యాడీలు మాత్రమే.

ఇక్కడ ఒక పదచరిత్ర ఆసక్తికరం. 'ఫెయిర్‌వే' మొదట నావికుల మాట. ఓడ సురక్షితంగా సాగే నీటిదారికి అది పేరు. గోల్ఫ్‌లోకి వచ్చాక అది గడ్డిదారి అయింది. కొండపాదంలో ఈ అర్థపరిణామం భౌతికంగా కూడా జరగవచ్చు. వంక పారే పల్లాన్ని చదును చేసి పచ్చిక పరిస్తే నిజంగానే ఒక నీటిదారి గడ్డిదారిగా మారుతుంది.

5. గరిక రెండు జన్మలు

ఉష్ణమండలపు గోల్ఫ్ మైదానాలలో విరివిగా వాడేది బెర్ముడా గడ్డి, దాని సంకర రకాలు. దాని శాస్త్రీయనామం సైనోడాన్ డాక్టిలాన్. తెలుగులో అది గరిక. వినాయకుని పూజలో పవిత్రం, పశువులకు మేత, చేనులో మాత్రం ఎంత తవ్వినా పోని కలుపు. వేసవిలో ఎండి గోధుమరంగుకు తిరిగి, తొలకరికి మళ్లీ చిగురించడం దాని స్వభావం. అందుకే వంశం నిలవడానికి అది ఉపమానమయింది.

గోల్ఫ్ మైదానం ఈ గడ్డిని ఎండనివ్వదు. గ్రీన్ మీద దానిని దాదాపు ప్రతిదినం 3 నుంచి 4 మి.మీ. ఎత్తుకు కత్తిరిస్తారు. అంత పొట్టిగా ఉన్న గడ్డి వేళ్లు లోతుకు పోవు, కనుక తరచుగా తడపాలి. గ్రీన్ అడుగున కంకర, పైన ఇసుక పొరలు వేసి, వాన ఆగగానే నీరు దిగిపోయే విధంగా గొట్టాలు అమర్చుతారు. చెరువు అడుగుకు కావలసింది నీరు దిగనివ్వని గట్టి బంకమన్ను. గ్రీన్ అడుగుకు కావలసింది నీరు ఆగనివ్వని ఇసుక. ఒకే కొండపాదాన్ని ఈ రెండు నిర్మాణాలు పూర్తిగా వ్యతిరేక లక్షణాలు కోరి ఎంచుకుంటాయి.

6. పోరుమామిళ్ల శాసనం చెప్పిన ప్రమాణం

కొండపాదాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పిన ఒక అపూర్వమైన ఆధారం మన సీమలోనే ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించాడు. క్రీ.శ. 1369 నాటి ఆ చెరువు శాసనం సంస్కృతంలో ఉంది. రెండేళ్లపాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు ఈ పనిలో ఉన్నట్లు అది చెబుతుంది.

ఈ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొంటుంది. ధర్మపరుడైన కర్త, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి మన్నుగల నేల, మంచినీటి ఏరు, ఆ ఏటిని తాకే కొండభాగాలు, వాటి నడుమ రాతితో గట్టిగా కట్టిన కట్ట, లోతూ విస్తృతీ గల గర్భం, దగ్గరలో రాతిగని, కింద సమతలమైన సారవంతపు పొలాలు, పని తెలిసిన జనం మొదలైనవి అంగాలు. కట్ట నుంచి నీరు కారడం, చవిటినేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు గర్భంలో మెరక ఉండడం, నీరు తక్కువై తడపవలసిన భూమి ఎక్కువ కావడం, చోటు తక్కువై నీరు ఎక్కువ కావడం అన్నవి ఆరు దోషాలు.

ఈ పట్టిక చెరువు గురించినదే అయినా, ఆరున్నర శతాబ్దాల కిందటి ఈ ఆలోచన కొండపాదంలో తలపెట్టే ఏ పనికైనా వర్తించగల మూడు ప్రశ్నలను అందిస్తుంది. నీటికీ తడిపే నేలకూ పొత్తు కుదిరిందా? నీరు సరిహద్దు దాటుతుందా? ఈ పనివల్ల కింద పండేది ఏమిటి? ఈ ప్రశ్నలను గోల్ఫ్ పచ్చికకు వేసి చూద్దాం.

7. నీటికీ నేలకూ పొత్తు

ఒక హెక్టారు మీద ఒక మి.మీ. నీరంటే 10,000 లీటర్లు. 18 హోల్స్ మైదానంలో తడపవలసిన పచ్చిక 100 ఎకరాలు, అంటే సుమారు 40 హెక్టార్లు అనుకుందాం. ఎండరోజుల్లో ఆ గడ్డి రోజుకు 5 మి.మీ. నీటిని ఆవిరిగా కోల్పోతుందని లెక్కకు తీసుకుందాం. అప్పుడు రోజుకు కావలసిన నీరు 20 లక్షల లీటర్లు. జలజీవన్ మిషన్ గ్రామీణులకు నిర్ణయించిన ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఆ ప్రమాణం ప్రకారం అది సుమారు 36 వేల మంది ఒకరోజు వాడుకకు సమానం.

దీనినే మరో వైపు నుంచి చూడవచ్చు. అనంతపురం సగటైన 550 మి.మీ. వాన ఆ 40 హెక్టార్ల మీద కురిస్తే మొత్తం 22 కోట్ల లీటర్లు. ఒక్క చుక్క కూడా పోకుండా నిలవచేసినా, పై లెక్కన అది 110 రోజులకే సరిపోతుంది. మిగిలిన కాలానికి నీరు బయటినుంచి రావాలి. అది పై కొండ వాలుది కావచ్చు, లోతుబోరుది కావచ్చు, దూరపు కాలువది కావచ్చు, నగరం శుద్ధిచేసి వదిలిన వాడుకనీరు కావచ్చు. ఇది ఏదో ఒక మైదానపు కొలత కాదు, ఈ వాతావరణంలో నిత్యపచ్చదనానికి వేసిన అంకగణితం. శాసనం చెప్పిన 'నీరు తక్కువ, నేల ఎక్కువ' అనే దోషాన్ని ఈ లెక్క అంకెలలో చూపిస్తుంది.

దూరపు నీటికి అర్థమేమిటో ఈ సీమకు బాగా తెలుసు. హంద్రీ నీవా పథకం కృష్ణాజలాలను శ్రీశైలం వెనుకనీటి నుంచి దశలవారీగా ఎత్తిపోసి అనంతకు తెస్తున్నది. పీఠభూమి ఎత్తుకు నీటిని ఎక్కించడానికి అయ్యే ప్రతి యూనిట్ విద్యుత్తు ఆ నీటి ధరలో భాగమే. అటువంటి నీరు తాగడానికా, వేరుశనగకు రక్షక తడికా, పరిశ్రమకా, పచ్చికకా అన్నది వరుస నిర్ణయించుకోవలసిన విషయం.

8. రెండు రాజ్యాల సరిహద్దు

సరిహద్దులో ఉండడాన్ని దోషంగా చెప్పిన శాసనకారుని దూరదృష్టి పెన్న విషయంలో అక్షరాలా నిజమైంది. మైసూరు, మద్రాసు ప్రభుత్వాల మధ్య 1892లో కుదిరిన ఒప్పందంలో పెన్న, చిత్రావతి, పాపఘ్ని నదులు చేరాయి. ఎగువన మైసూరు కొత్త జలాశయాలు కట్టదలిస్తే ముందుగా మద్రాసు సమ్మతి పొందాలని అది నిర్దేశించింది. చిత్రావతిపై బాగేపల్లి సమీపంలోని పరగోడు వద్ద కర్ణాటక ఆనకట్ట తలపెట్టినప్పుడు అనంతపురం జిల్లాలో ఆందోళన రేగింది. విద్వాన్ విశ్వం 1956లో 'పెన్నేటి పాట'కు ఎండిన పెన్ననే వస్తువుగా గ్రహించడం ఈ సీమ అనుభవంలో ఆ నది స్థితిని తెలుపుతుంది.

ఒప్పందాలు, వివాదాలు పెద్ద కట్టల గురించే మాట్లాడతాయి. కాని ఎగువనీరు తగ్గేది పెద్ద కట్టవల్లనే కాదు. వందలాది వంకలు పూడటం, చెరువుకు నీరు తెచ్చే కాలువలు చదును కావడం, బోర్లు భూగర్భజలాన్ని తోడటం కూడా నది తలను ఎండబెడతాయి. ఇవి ఒక్కొక్కటీ చిన్నవి కావడం వల్ల ఏ ఒప్పందానికీ చిక్కవు. పాత దస్తావేజులలో 'వంక పోరంబోకు' అని ఉన్న చోటు కొత్త చిత్రపటంలో 'పచ్చిక'గా మారితే, అక్కడ నీరు పారేదని చెప్పే ఆధారం క్రమంగా చెరిగిపోతుంది. పదం పోవడం వల్ల కలిగే నష్టం ఇదే. చట్టానికి పట్టు దొరికేది పేరున్న వస్తువు మీదనే. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్టు చట్టం బోర్లను, నీటివనరులను నియంత్రించగలదు. అయితే ఫలానా చోట వంక ఉందని, ఫలానా చెరువుకు అది ఆధారమని ఎవరో చెప్పగలిగినప్పుడే ఆ నియంత్రణ అక్షరాల నుంచి నేల మీదికి వస్తుంది.

9. సాధ్యమైన మార్గాలు

పై చర్చ నుంచి గోల్ఫ్ మైదానం ఉండరాదన్న నిర్ణయానికి రావలసిన పని లేదు. ఉపాధి, ప్రయాణికుల రాక, ఆవరణలో చెట్లు పెరగడం వంటి ప్రయోజనాలను కాదనలేము. ఆట చరిత్రలోనే ఎండనేలకు తగిన పద్ధతులు ఉన్నాయి. పూర్వం భారతదేశంలోని అనేక ఎండసీమ మైదానాలలో గ్రీన్ స్థానంలో 'బ్రౌన్' ఉండేది. ఇసుకలో నూనె కలిపి చదునుచేసిన ఆ గమ్యస్థలానికి నీటితో పని లేదు. ఆడేది టీ నుంచి గ్రీన్ వరకు అయినా, ఆ దారి పొడవునా పచ్చగా ఉండాలన్నది ఆట నియమం కాదు, దూరదర్శనం నేర్పిన అభిరుచి. గరికను వేసవిలో దాని సహజవర్ణానికి వదలడం, తడిపే విస్తీర్ణం తగ్గించడం, నగరపు శుద్ధిచేసిన నీటినే వాడటం, మైదానపు మడుగులను వాననీటి నిలవలుగా, మిగులు కిందికి పారే మరవతో నిర్మించడం ఆచరణసాధ్యమైనవే. బెంగళూరు శుద్ధజలాన్ని హెబ్బాళ, నాగవార లోయ పథకం ద్వారా దేవనహళ్లి, చిక్కబళ్లాపురం వైపు చెరువులకు పంపుతున్నారు. వాడిన నీటిని మళ్లీ వాడే ఆలోచన అక్కడ కొత్తది కాదు.

కావలసింది అనుమతికి ముందు అడగవలసిన ప్రశ్నలు. ఈ కొండ వాలు నుంచి దిగే వంకలు ఎన్ని, వాటి పేర్లేమిటి? అవి ఏ చెరువుకు చేరతాయి? ఆ చెరువు ఆయకట్టు ఎంత, దాని మరవ ఎటు పారుతుంది? పచ్చికకు వేసవిలో నీరెక్కడిది? ఆవరణ గోడ కట్టాక ఊరి పశువుల మేతదారి ఎటు? ఈ ప్రశ్నలన్నీ సీమ మాటలలోనే సూటిగా అడగగలం. ఆటపరిభాషలోకి, ప్రకటనల భాషలోకి మార్చితే ఇవి ప్రశ్నలుగానే మిగలవు.

10. ముగింపు

కొండపాదపు నేలకు గోల్ఫ్ పెట్టిన పేర్లు బంతి దారిని, పీఠభూమి ప్రజలు పెట్టిన పేర్లు నీటిదారిని చెబుతాయి. రెండూ తమతమ అవసరాలకు తగినవే. కాని 550 మి.మీ. వానతో బతికే సీమలో నీటిదారి చెప్పే పేర్లు ముందుగా నమోదు కావాలి. పోరుమామిళ్ల శాసనం చెరువు కట్టడానికి ముందు గుణదోషాలను లెక్కించమన్నది. ఆ లెక్కకు కావలసిన పరికరాలు దొన, వంక, కుంట, తూము, మరవ, ఆయకట్టు వంటి మాటలు. పెనుకొండ, హిందూపురం, మడకశిర, కదిరి ప్రాంతాల కొండపాదాలలో ఊరూరా వంకల పేర్లను, చెరువు గొలుసులను, మరవ దారులను వృద్ధ రైతుల నుంచి, నీరుగంటి కుటుంబాల నుంచి సేకరించి, గ్రామ సర్వే సంఖ్యలతో జతపరచి నిఘంటువుగా కూర్చడం తెలుగు పరిశోధకులు చేపట్టదగిన పని. నీరుగంటి వృత్తి చాలా ఊళ్లలో ఇప్పటికే ఆగిపోయింది. ఆ తరం ఉన్నప్పుడే ఈ సేకరణ జరగాలి. అది మాండలిక అధ్యయనానికి సామగ్రి అవుతుంది. రేపు ఏదైనా కొండపాదంలో పచ్చిక పరిచే ప్రతిపాదన గ్రామసభ ముందుకు వస్తే, అక్కడ చూపవలసిన సాక్ష్యమూ అవుతుంది.